ఖరగ్‌పూర్‌లో దైవసహాయం మేస్త్రి ముద్ర

ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చానంటే చాలు, ప్రతివాళ్ళూ ప్లాట్‌ఫారం ఎంత పొడుగుంది అనే అడుగుతున్నారు. పొడుగ్గానే ఉంది, సామాను మోసుకుంటూ నడిస్తే కాళ్ళు పడిపోయేంత ఉంది. నేను చెప్పాలనుకున్నది దాని సంగతి కాదు. అక్కడ నాలుగు రోజులున్నాను. మొదటి రోజు తప్ప మిగతా రోజులన్నీ ఒళ్ళు జలదరిస్తూనే గడిచాయి. వచ్చి రెండు నెలలైనా అది పూర్తిగా వదల్లేదు. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

నా ఉద్యోగం తనిఖీ. గూడ్సు బళ్ళ బ్రేకులను పట్టి ఉంచే ఇనుప కొక్కేలు పోతపోసే షెడ్లు అక్కడక్కడా ఉంటాయి. సరుకు బాగుందా, దాన్ని పాస్ చేసి ముద్ర కొట్టే మనిషికి ఆ అర్హత ఉందా అని చూసి రిపోర్టు రాయడం నా పని. విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను, అక్కడి సరుకు మీద పడే ముద్ర కూడా నాదే. నాకు నోరు మంచిది కాదనీ, కన్ను మాత్రం మంచిదనీ పేరు. ఖరగ్‌పూర్ ఊరి బయట పదకొండు మంది పనిచేసే చిన్న ప్రైవేటు షెడ్డు ఒకటుంది. వచ్చే ఏడాదికి వాళ్ళకు పని ఇవ్వాలంటే నా రిపోర్టు కావాలి. డిసెంబరులో, మంచు బాగా పడే రోజుల్లో వెళ్ళాను.

న్యూ సెటిల్‌మెంట్ పక్కన గది

స్టేషన్ బయట బ్యాటరీ బండి, దాన్ని అక్కడ టోటో అంటారు, ఎక్కి నాకొచ్చిన హిందీలో బేరమాడాను. నలభై అన్నాడు. "ముప్పై కంటే ఒక్క పైసా ఇవ్వను, చూద్దాం" అని తెలుగులో గొణుక్కున్నాను. బండివాడు వెనక్కి తిరిగి, "ముప్పయ్యే ఇయ్యమ్మా, మనోళ్ళ దగ్గిర ఎక్కువెందుకు తీసుకుంతాను" అన్నాడు. తాతలనాడు విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్ళట. ఈయన ఆ జిల్లా ముఖం ఎప్పుడూ చూడలేదు. మాట మాత్రం అక్కడిదే.

షెడ్డువాళ్ళు నాకు న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ పక్కన ఒక తెలుగు ఇంట్లో గది చూసిపెట్టారు. ఇంటావిడ రూతమ్మకు అరవై దాటి ఉంటాయి. క్రిస్మస్ దగ్గరపడుతోందని గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టారు. పొద్దున పూట మరమరాల్లో వేడి ఘుగ్నీ, అంటే బఠాణీల కూర, పోసి, పైన పచ్చి ఉల్లిపాయ చల్లి ఇచ్చారు. మన దగ్గర మరమరాలంటే సాయంత్రం పిడతకింద పప్పు. వాళ్ళకి పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం ఆకలి, రాత్రి ప్రయాణం అన్నీ మరమరాలే. ఉప్మా లేదా అని అడగబోయి ఊరుకున్నాను, మంచి పని చేశాను. ఘుగ్నీ బ్రహ్మాండంగా ఉంది.

ముందుగదిలో గోడ మీద ఒక ఫొటో ఉంది. తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఫొటోలో కళ్ళు మూతపడితే ఎవరైనా మళ్ళీ తీయిస్తారు కదా అనుకున్నాను. నా చూపు గమనించి రూతమ్మ, "మా మేస్త్రి. పెబువు పిలిసి రెండేళ్ళయింది. పెళ్ళి పొటోలో కూడా కళ్ళు మూసేసినాడు, ఏటి సేస్తాం" అన్నారు. భర్త పేరు నోటితో చెప్పే అలవాటు ఆవిడకు లేదు, నేనూ అడగలేదు.

షెడ్డు

రెండో రోజు పొద్దున ఖరిదా బజారులో మట్టి కప్పులో ఎనిమిది రూపాయల టీ తాగి, పదిహేను రూపాయలు పెట్టి కొత్త బెల్లంతో చేసిన సందేశ్ మిఠాయి తిని షెడ్డుకు వెళ్ళాను. సూపర్‌వైజర్ మండల్ బాబు బెంగాలీ ఆయన. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడుతూ నడుమ తెలుగు ముక్కలు వేస్తాడు. కాగితాలన్నీ ముందు పెట్టాడు. పోత లెక్కలు, కొలతలు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అంత శుభ్రంగా ఉంటే నాకు అనుమానం, అది నా జబ్బు.

పది కాగానే ఎవరో చెయ్యెత్తారు. ఒక్కో యంత్రమే ఆగింది. సాన ఆగింది, ఫ్యాను ఆగింది, బయట టీ పొయ్యి కూడా ఆపేశారు. ఎక్కడో దూరంగా స్టేషన్‌లో బళ్ళ పేర్లు చదివే గొంతు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. గోడ వారన పొడుగు బల్ల, దాని మీద వరసగా కొక్కేలు. బల్లకు ఆ చివర ఒక చెక్క స్టూలు ఖాళీగా ఉంది. అప్పలస్వామి అనే పెద్దాయన, రైల్వే వర్క్‌షాపులో రిటైరై ఇక్కడ చేరినాయన, చిన్న సుత్తి తీసుకుని మొదటి కొక్కెం మీద ఒక్క దెబ్బ వేశాడు. ఇనుము గంటలా మోగింది. ఆయన తల తిప్పి ఖాళీ స్టూలు వైపు చూశాడు. మోత పూర్తిగా ఆగిందాకా అలాగే చూశాడు. తర్వాత ముద్ర పెట్టి కొట్టాడు. రెండోదానికీ అంతే. బల్లకూ స్టూలుకూ మధ్య నుంచి ఒక్క మనిషి కూడా నడవలేదు. అవతలికి వెళ్ళాల్సినవాళ్ళు షెడ్డంతా చుట్టి వెళుతున్నారు.

లోపం లేని పోత మోగుతుంది, లోపల పగులో బుడగో ఉంటే మొద్దుగా పలుకుతుంది. ఆ పరీక్ష పాతదే, నేను చదువుకున్నదే. ఖాళీ స్టూలును అడగడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. గంటలో నలభై పైగా అయ్యాయి. రెండింటి దగ్గర మాత్రం ఆయన స్టూలు వైపు చూసి, ముద్ర కొట్టకుండా పక్కన పడేశాడు. నా చెవికి ఆ రెండూ అన్నిటిలాగే మోగాయి.

ముద్ర చూశాను. మూడు చుక్కలు, వాటి కింద అడ్డగీత. ఇలాంటి ముద్ర ఒక మనిషికి ఒకటే ఇస్తారు, అది అతని సంతకం కింద లెక్క. కాగితాల్లో ఆ ముద్ర దైవసహాయం అనే తనిఖీ మేస్త్రిది. కిందటి వారం దాకా ప్రతి విడతా ఆయనే పాస్ చేసినట్టుంది. ఆయన ఎక్కడ అని అడిగితే మండల్ బాబు గొంతు తగ్గించి, చేత్తో స్టూలు చూపించాడు. టీకి వెళ్ళాడనో, సెలవు పెట్టాడనో అనుకున్నాను. మనవైపు కుర్చీ మీద కండువా వేసి వెళ్ళిపోయే ఆఫీసర్లు ఉన్నారు కదా, ఇదీ ఆ బాపతే, దొరికారు అని లోపల సంతోషించాను కూడా.

గేటు దగ్గర మాట

సాయంత్రం చీకటి పడకముందే వసారాలో కూర్చుని, పేపరు అంచు మీద ఆ ముద్ర బొమ్మ గీసుకుంటున్నాను. టీ తెచ్చిన రూతమ్మ గ్లాసు కింద పెట్టకుండా నిలబడిపోయారు.

"ఈ గురుతు నీకెక్కడిది అమ్మా?"

షెడ్డులో కొడుతున్నారని చెప్పాను. ఆవిడ గోడ మీద ఫొటో వైపు చూసి, "మా మేస్త్రిది" అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది. కిందటి వారం సరుకు పాస్ చేసిన దైవసహాయం, కళ్ళు మూసుకుని గోడ మీద ఉన్నాయన ఒక్కరే.  నేను భయస్తురాలిని కాను, కానీ ఆ పూట ముందుగదిలోకి ఒంటరిగా వెళ్ళడానికి మనసొప్పలేదు.

ఇంతలో గేటు దగ్గర సైకిలు ఆగింది. అప్పలస్వామి దిగలేదు, లోపలికి రాలేదు. కాస్త గట్టిగా, "ఇయాల రెండు పలకనేదు, వదినా" అని చెప్పి వెళ్ళిపోయాడు. రూతమ్మ తల ఊపారు. రెండేళ్ళుగా రోజూ ఇంతేనట. మేస్త్రి బతికున్నప్పుడు ఆ స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు, అప్పలస్వామి సుత్తితో కొట్టేవాడు, ఈయన తల ఊపితేనే ముద్ర. ఆ ముద్రను రాత్రి దిండు కింద పెట్టుకునేవాడు, ఇంట్లో ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక రూతమ్మే దాన్ని అప్పలస్వామి చేతిలో పెట్టారు. మేస్త్రి ఒప్పుకోనిదాని మీద ఇది పడకూడదని బైబిలు మీద చెయ్యి వేయించుకుని మరీ ఇచ్చారు. అప్పలస్వామి హిందువు కదా అని నేను అంటే, "దేవుడి మీద ఒట్టు ఎవుడి మీదైతేనేటి" అన్నారు.

కోసి చూసిన ముక్క

మూడో రోజు శుక్రవారం. వెళ్తూనే మండల్ బాబును నిలదీశాను. చనిపోయిన మనిషి ముద్ర కొట్టడం దొంగ సంతకం కిందికి వస్తుందని, నేను రాస్తే పని ఆగిపోతుందని చెప్పాను. ఆయన దాచలేదు. అర్హత కాగితం ఉన్న ఇంకో మనిషిని పెట్టుకుందామని చూశారట. పెద్ద ఊళ్ళో ఒక బాబు ఒప్పుకున్నాడు, కానీ ముద్ర పంపుతాడు, మనిషి రాడు. అన్నిచోట్లా అదే పద్ధతి కదా అన్నాడట. మండల్ బాబు సరేనన్నా, పనివాళ్ళు పదిమందీ ఒప్పుకోలేదు. మోత వినని మనిషి ముద్ర మేం కొట్టం అన్నారు. అప్పలస్వామికే కాగితం ఇప్పించవచ్చు కదా అని అడిగితే మండల్ బాబు మాట దాటేశాడు.

నాకు రోషం వచ్చింది. నిన్న పక్కన పడేసిన రెండు ముక్కల్లో ఒకటి తెప్పించాను. కొలత సరిపోయింది. నేనే సుత్తితో కొట్టాను, నిక్షేపంగా మోగింది. రంపం మీద పెట్టి కోయమన్నాను. సగం తెగేసరికి లోపల శనగగింజంత బొక్క కనబడింది. ఆ కొక్కెం బండి కింద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అక్కడే విరిగేది.

"నాకు వినబడనిది మీకెలా వినబడింది?" అన్నాను అప్పలస్వామితో. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి అరిచి అడిగాను.

"నాకెక్కడ ఇనబడతాది తల్లీ. నలబై ఏళ్ళు సుత్తుల కింద పని సేసినాను. ఎడం సెవి ఎప్పుడో పోనాది, కుడిది అంతంతే. సెవుల పరీచ్చలో నిలవనని నాకు కాయితం ఇవ్వనేదు."

"మరి?"

"నాను ఇన్ను. ఇస్టూలు కేసి సూస్తాను. మేస్త్రి ఒప్పుకుంటే తెలుస్తాది, ఒప్పుకోకపోతే తెలుస్తాది."

ఇది ఆయన మామూలుగానే చెప్పాడు, వాన వస్తుందేమో అన్నట్టు. సుత్తి పట్టిన చేతికి ఇనుము అదురు తెలుస్తుందని నేను నాకు చెప్పుకున్నాను. అదే అయి ఉంటుంది. షెడ్డులో ప్రతి వస్తువు మీదా ఇనుప దుమ్ము పేరుకుని ఉంది, ఆ స్టూలు మీద మాత్రం లేదు. ఎవరో తుడుస్తారు, అదీ నాకు తెలుసు. అయినా ఆ వైపు రెండోసారి చూడలేదు.

ప్రేమ్ బజార్‌లో భోజనం

మధ్యాహ్నం అక్కడ ఉండబుద్ధి కాక ప్రేమ్ బజార్ వెళ్ళాను. పెద్ద కాలేజీ గేటు దగ్గర చిన్న చిన్న హోటళ్ళు, జిరాక్సు కొట్లు, సైకిళ్ళ మీద పిల్లలు. నాలుగు బల్లలున్న హోటల్లో అన్నం, పప్పు చెప్పాను. పప్పులో గరిటె పెడితే చేప తల పైకి తేలి నా వైపు చూసింది. శుక్రవారం నేను నీచు ముట్టను. వాళ్ళకు అది పప్పే, పైగా మంచి పప్పు, అతిథికి తల వేయడం గౌరవం. నా ముఖం చూసి వంటావిడ పరుగున వచ్చి, సంగతి తెలుసుకుని గిన్నె తీసేసింది. తల తీసి అదే పప్పు ఇస్తుందనుకున్నాను, మా ఊళ్ళో అయితే నిశ్చయంగా అంతే చేసేవారు. ఆవిడ వేరే మూకుడు తోమి, నూనె కొత్తగా పోసి, గసగసాలతో బంగాళాదుంప కూర చేసి తెచ్చింది. ఇరవై నిమిషాలు పట్టింది. అరవై రూపాయలే తీసుకుంది. అదే మూకుట్లో చేసినా నాకు తెలిసేది కాదు కదా దీదీ అన్నాను. నాకు తెలుస్తుంది కదా అంది ఆవిడ, నవ్వకుండా.

ఆ కూర తింటూ చాలాసేపు ఆలోచించాను. రాయకుండా వదిలేద్దామా అనిపించింది. నిజమే చెబుతున్నాను, అనిపించింది. కానీ ముద్ర అంటే ఒక మనిషి పూచీ. రేపు ఒక ముక్క విరిగి ప్రాణం పోతే ఎవరిని పిలిచి అడుగుతారు? సమాధిని అడగలేరు. రాయడానికే నిశ్చయించుకున్నాను. నీతి నా పక్షాన ఉందన్న ధీమాతో ఆ రాత్రి బాగానే నిద్రపట్టింది.

నా ముద్ర

నాలుగో రోజు పది గంటలకు యంత్రాలు ఆగాక, రాయక తప్పదని అప్పలస్వామికి చెప్పాను. ఆయన బతిమాలలేదు.

"రాయి తల్లీ. తప్పు తప్పే. ఈ నలబై ముక్కలు ఇయాల ఎల్లాలి. మేస్త్రి ముద్ర ఇంక ముట్టను. నీకు సెవులున్నాయి, కాయితం ఉంది. నువ్వే ఇని, నీ ముద్ర కొట్టీ."

నిబంధనల ప్రకారం నేను కొట్టవచ్చు. షెడ్డులో పదకొండు మందీ నా వైపు చూస్తున్నారు. నా ముద్ర నా దగ్గర లేదని చెప్పాల్సి వచ్చింది. ఊరు వెళ్ళేటప్పుడు నేను దాన్ని తీసుకెళ్ళను, అది ఆఫీసు సొరుగులో ఉంటుంది, తాళం చెవి రమణ దగ్గర. రమణ నా కింద పనిచేసే మనిషి. రాత్రి బండికి ఎవరిచేతనైనా పంపగలడేమోనని అక్కడి నుంచే ఫోను చేశాను.

రమణ నవ్వాడు. "ఎలా పంపమంటారు మేడమ్, వాడకంలో ఉంటే? పొద్దుటినుంచి రెండు వందల నలభై ముక్కలు మీ ముద్ర మీదే వెళ్ళాయి. మీరు ఊళ్ళో లేకపోయినా మీ పని ఆగదు. నిశ్చింతగా ఉండండి."

ఇది కొత్త సంగతి కాదు. ఇరవై రెండేళ్ళుగా మా దగ్గర జరిగేదే. నేను సెలవులో ఉన్నా, జ్వరంతో పడుకున్నా నా ముద్ర పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని సర్దుకుపోవడం అంటాం. కానీ యంత్రాలన్నీ ఆగిన ఆ షెడ్డులో ఆ మాట వేరేగా వినబడింది. నేను ఇక్కడ నిలబడి ఉన్నాను, అక్కడ నేనే సరుకు పాస్ చేస్తున్నాను. ఆ బల్ల ముందు నా కుర్చీ కూడా ఈ స్టూలులాగే ఖాళీగా ఉంది. తేడా ఏమిటంటే, అక్కడ ఎవరూ దాని వైపు చూడరు.

ఏమన్నాడు అని అప్పలస్వామి అడిగాడు. ఆయనకు వినబడాలంటే అరవాలి. కాబట్టి నా తప్పును అందరి ముందూ, ఒక్కో మాటే, అరిచి చెప్పాను. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది, అదీ ఒక చెవిటాయనకు అరిచి చెబితే తెలిసింది.

ఆయన కోప్పడలేదు. జాలిగా చూశాడు.

"మా మేస్త్రి సచ్చిపోనాడు కాబట్టి మాకు బయ్యం తల్లీ. నువ్వు బతికే ఉన్నావు. నీ వోళ్ళకి ఏటి బయ్యం?"

సుత్తి అందుకున్నాను. నలభై ముక్కలూ కొట్టి విన్నాను. ఒక్కో దెబ్బకూ మోత ఆగిందాకా ఆగాను. చివరి వరసలో ఒకదాని దగ్గర ఎందుకో తల అటు తిరిగింది, స్టూలు వైపు. ఆ ముక్కను పక్కన పెట్టించాను. కోయించలేదు, ధైర్యం చాలలేదు. ముద్ర లేక ఆ రోజు సరుకు వెళ్ళలేదు.

సాయంత్రం అప్పలస్వామి మొదటిసారి సైకిలు దిగి గేటు లోపలికి వచ్చాడు. జేబులోంచి ముద్ర తీసి రూతమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని కొంగుకు ముడివేసుకున్నారు. నా ప్రయాణానికి మరమరాలు పొట్లం కడుతూ, "వోళ్ళ గురించి రాస్తావు సరే, నీ గురించి కూడా రాస్తావా అమ్మా?" అని అడిగారు. రాస్తానన్నాను.

వచ్చాక

రాశాను. ఒకే రిపోర్టులో రెండు సంగతులూ రాశాను, వాళ్ళ ముద్ర సంగతి, నా ముద్ర సంగతి. మొదటిది చదివి ఆ షెడ్డుకు పని ఆపేశారు. అప్పలస్వామి ఇంట్లో కూర్చున్నాడని, మిగతావాళ్ళు తలో దిక్కూ కూలికి పోతున్నారని మండల్ బాబు ఫోనులో చెప్పాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. రెండోది చదివి నన్నెవరూ ఏమీ అనలేదు. పై అధికారి పిలిచి కూర్చోబెట్టి, అందరూ చేసేదే కదమ్మా, ఇవన్నీ కూడా రాస్తారా అని నవ్వి టీ తెప్పించారు. ఆ పేజీ తీసేసి మిగతాది ఫైల్లో పెట్టారు.

నా ముద్ర రమణ దగ్గర నుంచి తీసేసుకున్నాను. ఇప్పుడు అది నా సంచిలోనే ఉంటుంది. ఆ రెండు వందల నలభై కొక్కేలను వెనక్కి తెప్పించాలని నెలరోజులు తిరిగాను, కుదరలేదు. అవి బిగించేశారు, ఏ బళ్ళ కింద ఉన్నాయో చెప్పగలిగినవాళ్ళు లేరు. మా ఇంటి వెనక రైలు పట్టాలున్నాయి. గూడ్సు బండి వెళుతుంటే కిటికీ దగ్గర నిలబడి, చివరి పెట్టె దాటిపోయిందాకా వింటున్నాను.